ఇంట్లో విష్ణుక్రాంతం పెంచుకోవాలంటే: విజయవాడ, గుంటూరు వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

అసలు విష్ణుక్రాంతం అంటే ఏ మొక్కండీ? ఎలా గుర్తుపట్టాలి?

నేల మీద పాకినట్టు పెరిగే చిన్న మొక్క, కాండాలు సన్నగా తీగల్లా ఉంటాయి గానీ దేన్నీ చుట్టుకోవు, మొదలు దగ్గర్నుంచి చుట్టూ పరుచుకుంటాయి. ఒక్కో కాండం జానెడు నుంచి మూరెడు దాకా వస్తుంది. ఆకులు చిన్నవి, సెంటీమీటరు నుంచి రెండున్నర సెంటీమీటర్ల లోపే, వాటి మీద సిల్కులాంటి మెత్తటి నూగు ఉంటుంది, ఆ నూగు వల్లే మొక్క మొత్తం కొంచెం వెండి రంగు కలిసిన ఆకుపచ్చగా కనిపిస్తుంది. పువ్వు లేత నీలం, వెడల్పు సెంటీమీటరు కూడా ఉండదు, మధ్యలో తెల్లగా ఉంటుంది. దారంలాంటి సన్నటి కాడ చివర పూస్తుంది, ఆ కాడ చాలాసార్లు ఆకు కంటే పొడుగ్గా ఉంటుంది. ఈ కాడ బాగా గుర్తుపెట్టుకోండి, కింద ఇంకో ప్రశ్నలో పనికొస్తుంది.

శాస్త్రీయనామం ఎవాల్వులస్ ఆల్సినాయిడిస్, తూటికాడ, చిలగడదుంప ఉన్న కుటుంబమే. నేల లోపల వేరు మొదలు గట్టిగా చెక్కలా తయారవుతుంది, పైన ఎండిపోయినా అదే మొక్కని బతికిస్తుంది, అందుకే ఇది ఒక్క సీజన్ మొక్క కాదు, ఏళ్ళ తరబడి ఉండే మొక్క.

మన దగ్గర ఎక్కడ ఉంటుందంటే, చెట్లు పెద్దగా లేని కొండవాలుల్లో, గొర్రెలు మేసే బీళ్ళలో, ఎర్ర గరప నేలల్లో, గులకరాళ్ళు తేలిన చోట. మంగళగిరి, కొండవీడు, కోటప్పకొండ వైపు కొండలెక్కేటప్పుడు వానాకాలంలో పొద్దున పూట కాలిబాట పక్కన కిందకి చూసి నడిస్తే మీకే కనబడొచ్చు. అందరం పైన గుడి వైపు చూస్తూ ఎక్కుతాం గనక పాదాల పక్కన ఉన్నది కనపడదు.

వినాయక చవితి పత్రిలో ఉండే విష్ణుక్రాంతం ఇదేనా?

ఇదే. 21 పత్రుల్లో 11వది, "భిన్నదంతాయ నమః, విష్ణుక్రాంత పత్రం పూజయామి" అని చదువుతాం కదా, ఆ పత్రం. నిజం చెప్పాలంటే బజార్లో అమ్మే పత్రి కట్టల్లో ఇది ఉండటం చాలా తక్కువ. బీసెంట్ రోడ్డులో కొన్నా బ్రాడీపేటలో కొన్నా కట్టలో మామిడి, మారేడు, జిల్లేడు, ఉత్తరేణి, రేగు లాంటివి గ్యారంటీగా ఉంటాయి, విష్ణుక్రాంతం దగ్గరికి వచ్చేసరికి ఏదో ఒక పచ్చి ఆకు పెట్టి కట్టేస్తారు. అమ్మేవాళ్ళని అనటానికేం లేదు, ఇంత చిన్న మొక్కని వెతికి ఏరి తెచ్చి గిట్టుబాటు ధరకి అమ్మటం వాళ్ళ వల్ల అయ్యే పని కాదు. అందుకే నేను ప్రతి ఒక్కరికీ చెప్పేది, ఒక కుండీ చాలు, ఇంట్లోనే పెంచుకోండి. తులసి కోట పక్కన దీనికి కూడా ఒక చోటు ఉండాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

నర్సరీలో నీలం పూలతో ఒక మొక్క ఇచ్చి విష్ణుక్రాంతమే అన్నారు, ట్యాగ్ మీద బ్లూ డేజ్ అని ఉంది. అదేనా?

కాదండీ. అది దీనికి దగ్గర చుట్టమే, కానీ దక్షిణ అమెరికా మొక్క. కడియం నర్సరీల నుంచి వచ్చే లోడుల్లో ఎక్కువ అదే ఉంటుంది, చూడటానికి చాలా బావుంటుంది కూడా, పెంచుకోవద్దని నేను అనను. తేడా ఎలా తెలుస్తుందంటే, దాని పువ్వు చాలా పెద్దది, రూపాయి బిళ్ళకి తక్కువ ఉండదు, రంగు ముదురు నీలం, ఆకు కూడా పెద్దది మందంగా ఉంటుంది, పువ్వు కొమ్మకి అతుక్కున్నట్టు పూస్తుంది. మన విష్ణుక్రాంతం పువ్వు చిన్నది, లేత రంగు, పైన చెప్పిన దారంలాంటి కాడ మీద పూస్తుంది. కాడ చూస్తే చాలు, ఇంకేం చూడక్కర్లేదు.

మరి శంఖుపూల తీగ? దాన్ని కూడా విష్ణుక్రాంతం అంటున్నారు కదా?

శంఖుపువ్వు చిక్కుడు కుటుంబం, పందిరి ఎక్కే తీగ, కాయలు చిక్కుడుకాయల్లా వస్తాయి. దీనికీ దానికీ సంబంధం లేదు. ఈ గందరగోళం ఎందుకొచ్చిందంటే ఆయుర్వేదంలో శంఖపుష్పి అనే పేరుతో ఒక్కో ప్రాంతం వాళ్ళు ఒక్కో మొక్కని వాడుతూ వచ్చారు, అందులో మన విష్ణుక్రాంతం ఒకటి, శంఖుపువ్వు ఒకటి, ఉత్తరాది పొడి నేలల్లో తెల్లటి పూలతో వచ్చే ఇంకో మొక్క ఒకటి. అందుకని పేరు పట్టుకుని వెతక్కండి, మొక్కని చూసి నిర్ణయించుకోండి.

మా లాన్‌లో గుండ్రటి ఆకులతో నేలకి అంటుకుని పాకే మొక్క ఉంది, తెల్ల పూలు పూస్తోంది. అది తెల్ల విష్ణుక్రాంతమా?

ఎక్కువ శాతం అది బయట నుంచి వచ్చి మన లాన్లలో స్థిరపడిపోయిన ఇంకో రకం. దాని ఆకులు చిన్న నాణేల్లా గుండ్రంగా ఉంటాయి, కణుపు కణుపుకీ వేళ్ళు వేసుకుంటూ పోతుంది. విష్ణుక్రాంతం అలా కణుపుల దగ్గర వేళ్ళు వెయ్యదు, అన్ని కాండాలూ ఒకే మొదలు నుంచి వస్తాయి. ఒక కాండం మెల్లగా పైకి లేపి చూడండి, తెలిసిపోతుంది.

మొక్క ఎక్కడ దొరుకుతుంది? కొండ మీద నుంచి ఒకటి పీక్కొచ్చేసుకోవచ్చా?

దయచేసి వద్దు. మొదటి కారణం, కొండపల్లి లాంటి చోట్ల అది రిజర్వ్ ఫారెస్ట్, అక్కడి నుంచి మొక్కలు తేవటం తప్పు. రెండో కారణం, ఎలాగూ బతకదు. వేరు గులకరాళ్ళ మధ్యలోకి లోతుగా దిగి ఉంటుంది, మీరు పీకితే సగంలో తెగుతుంది, ఆ సగం వేరుతో ఇంటికి తెచ్చి ఎంత బాగా చూసుకున్నా వడిలిపోయేదే ఎక్కువ. అక్కడ ఏళ్ళుగా ఉన్న మొక్క పోయింది, ఇక్కడ మీకు రాలేదు, ఎవరికి లాభం చెప్పండి.

బదులుగా విత్తనాలు తెచ్చుకోండి. ఊరి బయట బీళ్ళలో, తెలిసినవాళ్ళ పొలం గట్ల మీద, యజమానిని అడిగి ఒక్కో మొక్క నుంచి నాలుగైదు కాయలు మాత్రం తీసుకోండి, మిగతావి అక్కడే రాలనివ్వండి. ఇంకొక మార్గం ఉంది, అమరావతి చుట్టుపక్కల గానీ గుంటూరు ఔటర్ వైపు గానీ కొత్త లేఅవుట్లు వేస్తున్నప్పుడు జేసీబీ వచ్చి నేలంతా చదును చేసేస్తుంది, అలాంటి చోట ఎలాగూ పోయే మొక్కలుంటే స్థలం వాళ్ళని అడిగి చిన్నవి చూసి వేరు చుట్టూ బాగా లోతుగా మట్టిగడ్డతో సహా తవ్వి తెచ్చుకోవచ్చు. అదైనా వాన పడిన మర్నాడు, మబ్బు పట్టిన రోజు చెయ్యండి, ముదురు మొక్కల జోలికి పోవద్దు.

విత్తనాలు వేశాను, ఒక్కటీ మొలవలేదు. ఏం చేయాలి?

అందరూ ఎక్కువగా అడిగేది ఇదే, కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

ముందు కాయ పండిందో లేదో చూడాలి. పువ్వు రాలాక కాడ కిందకి వంగుతుంది, చివర మిరియం కంటే చిన్న గుండ్రటి కాయ వేలాడుతుంది. పచ్చగా ఉన్నప్పుడు కోస్తే పనికిరాదు. గడ్డి రంగుకి వచ్చి, ముట్టుకుంటే పగిలేటట్టు ఉన్నప్పుడు కొయ్యాలి, అప్పుడు లోపల మామూలుగా నాలుగు గింజలు ఉంటాయి, ముదురు గోధుమ నుంచి నలుపు రంగులో నున్నగా. కాయ పగిలితే గింజలు మట్టిలో కలిసిపోతాయి, ఇక ఏరటం కష్టం, అందుకే సీజన్‌లో మొక్క కింద ఒక పాత కాగితం గానీ పల్చటి గుడ్డ గానీ పరిస్తే సులువు.

ఇక మొలక సంగతి. ఈ కుటుంబంలో చాలా మొక్కల్లాగే దీని గింజ పెంకు నీళ్ళు లోపలికి పోనివ్వదు. ప్రకృతిలో దీనికో కారణం ఉంది, మే నెలలో పడే ఒక్క గాలివానకి గింజలన్నీ మొలిచేస్తే ఆ తర్వాత ఎండకి అన్నీ మాడిపోతాయి, అందుకే గింజలు నేలలో పడుకుని పెంకు మెల్లగా అరిగినప్పుడు కొన్ని ఈ ఏడాది, కొన్ని పై ఏడాది ఇలా విడతలుగా మొలుస్తాయి. మనకి అంత ఓపిక ఉండదు కాబట్టి పెంకుని మనమే అరగదియ్యాలి. హార్డ్‌వేర్ షాపులో దొరికే సన్నరకం గరుకు కాగితం రెండు ముక్కలు తీసుకుని, మధ్యలో గింజలు పెట్టి, అరచేత్తో మెల్లగా నాలుగైదు సార్లు రుద్దండి, మెరుపు పోయి పెంకు మీద గీతలు పడితే చాలు, పిండి చెయ్యక్కర్లేదు. తర్వాత రాత్రంతా గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టండి. పొద్దునకి ఉబ్బిన గింజలు నీళ్ళు తాగినట్టు, అవి వేసుకోండి, ఉబ్బనివి మళ్ళీ రుద్ది మళ్ళీ నానబెట్టండి. మరిగే నీళ్ళు పొయ్యమని ఎవరైనా చెప్తే వినకండి, ఇంత చిన్న గింజ లోపల ఉడికిపోతుంది.

వేసేది మృగశిర, ఆరుద్ర కార్తెల్లో, అంటే జూన్ రెండో వారం నుంచి జులై మొదటి వారం దాకా, అప్పుడైతే వేడి ఉంటుంది, గాల్లో తేమ ఉంటుంది, మండే ఎండ తగ్గుతుంది. ఇసుక ఎక్కువ కలిపిన మట్టిలో గింజ మందానికి రెండింతలు లోతు చాలు. స్ప్రేతో తడపండి, మగ్గుతో పోస్తే గింజలు కొట్టుకుపోతాయి. అన్నీ ఒకే రోజు మొలుస్తాయని ఎదురుచూడకండి, నెల దాటాక కూడా ఒకటీ అరా వస్తుంటాయి, ట్రే పారెయ్యొద్దు.

నాలుగైదు ఆకులు వచ్చాక వెంటనే ఫైనల్ చోటుకి మార్చెయ్యండి. వేరు కిందకి దిగాక కదిలిస్తే కోపం వస్తుంది దానికి.

కొమ్మ కటింగ్‌తో వస్తుందా?

కొన్ని వస్తాయి. వానాకాలంలో ముదరని కొమ్మ చివర్లు వేలెడు పొడుగు కోసి, కింది ఆకులు తీసేసి, తడి ఇసుకలో గుచ్చి నీడన పెట్టండి. పది గుచ్చితే అన్నీ పడతాయని నమ్మకం లేదు, గింజ మొక్కంత గట్టి వేరు కూడా రాదు. నా సలహా గింజలే.

మాది గుంటూరు పక్కన పల్లెటూరు, అంతా నల్లరేగడి. నేలలో వెయ్యొచ్చా?

నేరుగా వద్దు. నల్లరేగడి మిరపకీ పత్తికీ బంగారమే గానీ ఈ మొక్కకి మాత్రం పడదు. వానాకాలంలో ఆ మట్టి నీళ్ళు పట్టుకుని వారాల తరబడి వదలదు, వేరు కుళ్ళుతుంది. ఎండాకాలంలో అదే మట్టి బీటలు వారుతుంది, బీట వెళ్ళిన చోట వేళ్ళు తెగుతాయి. రెండు కాలాల్లోనూ దెబ్బే.

చాలామంది రెండు తట్టల ఇసుక తెచ్చి నల్లమట్టిలో కలిపేస్తారు, దాంతో పని అవ్వదు, కొంచెం ఇసుక కలిపిన బంకమట్టి ఎండితే ఇంకా గట్టిపడుతుంది. చెయ్యాల్సింది ఏంటంటే నేల మీద ఎత్తుగా మడి కట్టడం. అడుగు ఎత్తు, రెండడుగుల వెడల్పు చాలు. అడుగున ఇటుక ముక్కలు, పగిలిన పెంకులు పరిచి, దాని మీద ఇల్లు కట్టేటప్పుడు ఫిల్లింగ్‌కి వాడే ఎర్ర గ్రావెల్ సగం, ముతక ఇసుక పావు, మామూలు ఎర్రమట్టి పావు కలిపి పోసెయ్యండి, మడి పైభాగం కొంచెం వాలుగా ఉంటే నీళ్ళు జారిపోతాయి. ప్రహరీ గోడ పక్కన దక్షిణం గానీ పడమర గానీ ఎండ తగిలే చోట ఇంకా మంచిది, అక్కడ వేరే మొక్కలు మాడిపోతాయి, ఇది మాత్రం హాయిగా ఉంటుంది.

మిద్దె మీద కుండీలో ఎలా?

వెడల్పు ఎక్కువ ఉన్న మట్టి కుండీ తీసుకోండి, పది పన్నెండు అంగుళాల వెడల్పు, కనీసం ఎనిమిది అంగుళాల లోతు. ప్లాస్టిక్ టబ్ అయినా పర్లేదు గానీ చిల్లులు నాలుగైదు ఉండాలి, కుండీని నేలకి ఆనించకుండా రెండు ఇటుకల మీద పెట్టాలి. మట్టి మిశ్రమం పైన చెప్పిందే, దాంట్లో రెండు గుప్పెళ్ళ వర్మీకంపోస్ట్ కలపండి, అంతకు మించి వద్దు. కోకోపీట్ మాత్రం దీనికి వాడకండి, మిద్దె తోటల వాళ్ళు అన్నిటికీ అలవాటుగా కలిపేస్తారు, అది తడి పట్టుకుని ఉంచుతుంది, మనకి కావాల్సింది దానికి ఉల్టా.

కుండీ అంచుల మీదుగా కాండాలు కిందకి వేలాడుతుంటే పొద్దున్నే పూలతో చాలా అందంగా ఉంటుంది, అందుకే పిట్టగోడ మీద, మెట్ల అంచున పెట్టుకుంటే బావుంటుంది. కిందపడకుండా చూసుకోండి, ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలిదుమారం లేస్తే కుండీలు ఎగిరిపోతాయి.

కరువుని తట్టుకునే మొక్క అన్నారు. నేను నీళ్ళు పొయ్యటం మానేస్తే వారంలో ఎండిపోయింది. ఎందుకని?

ఎందుకంటే కరువుని తట్టుకునేది నేలలో వేరు లోతుగా దిగిన మొక్క. మొలిచి నెల కూడా కాని మొక్కకి ఆ శక్తి ఎక్కణ్ణించి వస్తుంది? మొదటి రెండు నెలలు మామూలు మొక్కల్లాగే చూసుకోవాలి, పైమట్టి ఆరగానే తడపాలి. ఆ తర్వాతే మెల్లగా గ్యాప్ పెంచుకుంటూ పోవాలి, రెండు రోజులకోసారి, నాలుగు రోజులకోసారి, అలా. పోసినప్పుడు మాత్రం కొంచెం చల్లి ఊరుకోకుండా అడుగు దాకా దిగేటట్టు పొయ్యాలి, అప్పుడే వేరు నీళ్ళ కోసం కిందకి వెళ్తుంది, పైపైన రోజూ చల్లితే వేరు పైనే ఉండిపోతుంది, మీరు ఊరెళ్ళిన రోజు మొక్క పోతుంది.

ఇంకో సంగతి, నేలలో ఉన్న మొక్కకీ కుండీలో ఉన్న మొక్కకీ ఒకే లెక్క కుదరదు. నేలలో ఒక ఏడాది గడిచిన మొక్కకి వానాకాలం, చలికాలం మొత్తం మీరు అసలు నీళ్ళే పొయ్యక్కర్లేదు, ఎండాకాలంలో పది పదిహేను రోజులకోసారి ఒక బిందె చాలు, అదీ పూలు కావాలంటేనే. కుండీ విషయంలో అలా కాదు, మే నెల ఎండకి విజయవాడ మిద్దె మీద కుండీ మట్టి ఒక్క రోజులో ఎండిపోతుంది, వేరు పోవటానికి లోపల ఇంకెక్కడా చోటు లేదు, కాబట్టి ఎండాకాలంలో రోజు మార్చి రోజు పొయ్యాలి. వేలు రెండు కణుపులు లోపలికి గుచ్చండి, తడి తగిలితే ఆగండి, తగలకపోతే పొయ్యండి. యాప్‌లు, టైమర్లు ఏమీ అక్కర్లేదు.

నీళ్ళ రకం కూడా చూసుకోండి. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే కుండీ అంచున తెల్లటి పొర కడుతుంది, అప్పుడు నెలకోసారి మునిసిపల్ నీళ్ళు ఎక్కువగా పోసి ఆ ఉప్పుని కిందకి కడిగెయ్యాలి. ఆర్వో మెషిన్ నుంచి వృథాగా పోయే నీళ్ళు మొక్కకి పొయ్యొద్దు, వాటిలో లవణాలు మామూలు నీళ్ళ కంటే ఎక్కువ. ఏసీ నుంచి కారే నీళ్ళు మాత్రం శుభ్రంగా పోసుకోవచ్చు.

రోహిణి కార్తెలో మొక్క మొత్తం ఎండిపోయి పుల్లలు మిగిలాయి. పీకెయ్యనా?

పీకొద్దు! రోళ్ళు పగిలే ఎండలు కదా, 45 డిగ్రీలు దాటే రోజులు మనకి కొత్త కాదు, రెంటచింతల వైపైతే చెప్పనే అక్కర్లేదు. ఆ ఎండల్లో ఈ మొక్క పై భాగాన్ని వదిలేసి వేరు మొదల్లో ప్రాణం దాచుకుంటుంది. మొదలు దగ్గర గోటితో కొంచెం గీకి చూడండి, లోపల పచ్చగా గానీ తెల్లగా తడిగా గానీ ఉంటే బతికే ఉంది. ఎండిన పుల్లల్ని రెండంగుళాలు వదిలి కత్తిరించండి, కుండీ అయితే మధ్యాహ్నం నీడపడే చోటికి జరపండి, నేలలో అయితే చుట్టూ గులకరాళ్ళు పరవండి, వారానికోసారి కొంచెం తడి. జూన్‌లో రెండు మంచి వానలు పడనివ్వండి, మొదలు చుట్టూ వెండిరంగు చిగుర్లు వస్తాయి. వాన పడ్డాక నెల రోజులు చూసినా రాకపోతే అప్పుడు పోయిందనుకోండి.

ఏం ఎరువు వెయ్యాలి?

ఏమీ వద్దు. ఏడాదికోసారి తొలకరికి ఒక గుప్పెడు పాత పశువుల ఎరువు గానీ వర్మీకంపోస్ట్ గానీ, అంతే. యూరియా, డీఏపీ దగ్గరికి కూడా రానివ్వొద్దు, బలం ఎక్కువైతే కాండాలు సాగిపోయి ఆకులు వస్తాయి, పూలు తగ్గుతాయి. బియ్యం కడిగిన నీళ్ళు ఎప్పుడైనా ఒకసారి పోస్తే నష్టం లేదు, రోజూ మాత్రం వద్దు.

వరదలో, తుఫానులో ఎలా కాపాడుకోవాలి?

నిజంగా దీనికి ప్రమాదం ఎండ వల్ల కాదు, నిలవ నీళ్ళ వల్ల. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్ళు నిలబడ్డాయి కదా, అలాంటప్పుడు నేలలో ఉన్న ఏ పొడినేల మొక్కకీ ఆశ ఉండదు, మనుషులే ఇబ్బంది పడ్డ రోజులవి. పల్లపు ప్రాంతాల్లో ఉండేవాళ్ళు కుండీలోనే పెంచుకోవటం, ఏటా కొంచెం గింజలు తీసి సీసాలో దాచుకోవటం మంచిది. ఆరిన గింజలు పొడి సీసాలో ఏళ్ళు నిలవుంటాయి, గట్టి పెంకు మనకి ఇక్కడ మేలు చేస్తుంది.

అక్టోబర్, నవంబర్ తుఫాన్లకి మూడు నాలుగు రోజులు ముసురు పడితే కుండీల్ని ఒక పక్కకి వంచి పెట్టండి, లేదంటే సన్‌షేడ్ కిందకి జరపండి. వాన ఆగాక మట్టి పైన గట్టిపడితే పుల్లతో మెల్లగా గుల్ల చెయ్యండి.

పొద్దున పూలు ఉన్నాయి, మధ్యాహ్నానికి అన్నీ మూసుకుపోయాయి. జబ్బా?

జబ్బు కాదు, దాని పద్ధతే అంత. పొద్దున విచ్చుకుని మధ్యాహ్నం అయ్యేసరికి ముడుచుకుంటుంది, ఒక్కో పువ్వుకి ఆయుష్షు ఒక్క పూటే, మర్నాడు కొత్త పూలు వస్తాయి. ఆఫీసుకి వెళ్ళేవాళ్ళు ఏడెనిమిది గంటల మధ్య కాఫీ కప్పు పట్టుకుని మిద్దె ఎక్కితే సరిగ్గా చూడొచ్చు. ఆ టైమ్‌లోనే చిన్న చిన్న తేనెటీగలు వస్తాయి, కూర్చుని చూడండి, పిల్లల్ని కూడా తీసుకెళ్ళి చూపించండి.

మబ్బు పట్టిన రోజు ఆలస్యంగా విచ్చుకుంటాయి. బాగా నీడలో పెడితే పూలు చాలా తగ్గిపోతాయి.

మాది అపార్ట్‌మెంట్, బాల్కనీలో మూడు గంటలే ఎండ వస్తుంది.

మొక్క బతకొచ్చు గానీ సన్నగా సాగుతుంది, పూలు అంతంతమాత్రం. తూర్పు బాల్కనీ అయితే ప్రయత్నించండి, ఉత్తరం వైపు అయితే వద్దు. అసోసియేషన్ వాళ్ళని అడిగి టెర్రస్ మీద ఒక మూల పెట్టుకోవటం మేలు, ఆరు గంటల ఎండ దీనికి కనీసం.

పురుగు పడుతుందా?

తక్కువ. పిండినల్లి ఒక్కటే చూసుకోవాలి, ఆ తెల్లటి దూదిలాంటిది కాండం మొదట్లో కనిపిస్తే పాత టూత్‌బ్రష్‌తో తోమేసి, లీటరు నీళ్ళలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల డిష్‌వాష్ లిక్విడ్ కలిపి సాయంత్రం పూట స్ప్రే చెయ్యండి. చీమలు బారులుగా తిరుగుతుంటే పిండినల్లి ఎక్కడో ఉందని అర్థం. వానాకాలంలో నత్తలు లేత మొక్కల్ని రాత్రికి రాత్రే తినేస్తాయి, టార్చ్ పెట్టి ఏరెయ్యండి.

ఆకులు పసుపుపచ్చగా మారి మొదలు మెత్తబడితే అది పురుగు కాదు, నీళ్ళు ఎక్కువయ్యాయి.

కలుపు సంగతి? పక్కన ఏం వేసుకోవచ్చు?

గరిక, తుంగ రెండూ దీన్ని కప్పేసి చంపేస్తాయి. చవితికి గరిక కూడా కావాలి, నిజమే, దాన్ని వేరే కుండీలో పెట్టుకోండి, ఇద్దర్నీ ఒకే మడిలో పెట్టొద్దు. వయ్యారిభామ కనిపిస్తే పూత రాకముందే చేతికి గ్లౌజు వేసుకుని వేరుతో సహా లాగెయ్యండి.

తోడుగా అయితే పొడినేల ఇష్టపడే మనవే వేసుకోండి, వెనకాల తంగేడు ఒకటి, మధ్యలో పసుపు పూల ముళ్ళగోరింట, ముందు వరసలో విష్ణుక్రాంతం, పక్కన కొండపిండి. ఇవన్నీ ఒకే రకం మట్టి, ఒకే రకం నీళ్ళు అడిగేవి కాబట్టి మీకు పని తక్కువ. గులాబీల మధ్య పెడితే వాటికి పోసే నీళ్ళకి ఇది కుళ్ళుతుంది.

జ్ఞాపకశక్తికి మంచిదట, పిల్లలకి రసం తీసి ఇవ్వొచ్చా?

ఆయుర్వేదంలో మేధకి సంబంధించి దీన్ని ఎప్పట్నుంచో వాడుతున్నారు, ఆ మాట నిజం. కానీ పెరట్లో మొక్క ఉంది కదా అని మనంతట మనం కోసి ఇచ్చెయ్యటం వేరు. ఎంత మోతాదు, ఎవరికి పడుతుంది, వేరే మందులు వాడేవాళ్ళకి ఇబ్బందేమన్నా ఉందా అనేది వైద్యులు చూసి చెప్పాలి. చదువుకున్న ఆయుర్వేద డాక్టర్‌ని అడగకుండా పిల్లలకి, గర్భిణులకి అస్సలు ఇవ్వొద్దు. పైగా మొదట్లో చెప్పినట్టు అదే పేరుతో మూడు నాలుగు మొక్కలు తిరుగుతున్నాయి, పొరపాటు పడటానికి ఎక్కువసేపు పట్టదు. నేను మాత్రం పూలకీ పూజకీ పెంచమంటాను.

చవితికి పత్రి కొయ్యాలి, ఎంత కొయ్యొచ్చు?

చవితి వచ్చేది ఆగస్టు చివర, సెప్టెంబర్‌లో, సరిగ్గా మొక్క నిండుగా ఉండే టైమ్. ఏడాది నిండిన మొక్క నుంచి మూడో వంతు కొమ్మలు కొయ్యొచ్చు, అది దానికి మంచిదే, పక్క చిగుర్లు వేసి ఇంకా గుబురుగా వస్తుంది. చేత్తో లాగితే మొదలు కదులుతుంది, కత్తెరతో కొయ్యండి. ఆ ఏడాదే మొలిచిన మొక్క నుంచి రెండు ఆకులు చాలు, పూజకి ఒక్క పత్రం సరిపోతుంది.

ఇరుగుపొరుగు అడుగుతారు, అడిగినవాళ్ళకి తలా ఒక రెమ్మ ఇస్తూ పోతే మొక్క బోడి అయిపోతుంది. వాళ్ళకి రెమ్మతో పాటు అరగదీసిన గింజలు ఒక నాలుగు కాగితంలో పొట్లం కట్టి ఇవ్వండి, జూన్ దాకా దాచుకుని వేసుకోమనండి. పొట్లం మీద పేరు, తేదీ రాయటం మర్చిపోకండి, గరుకు కాగితంతో రుద్దిన గింజలు రుద్దనివాటిలా ఎక్కువ కాలం నిలవుండవు, వచ్చే తొలకరికే వేసెయ్యాలని చెప్పండి. రుద్దటం వాళ్ళకి వచ్చంటే మామూలు గింజలే ఇచ్చెయ్యండి, అదే మేలు.